పాత సీపీయూ, సంఘం డబ్బు, మే నెల ఎండ

(మన గదిలో మిషను – 4వ భాగం)



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి: "అన్నా, పన్నెండు వేలు పెట్టి పాతది బాగుచేసే బదులు ఇంకొంచెం చందా వేసుకుని కొత్తదే కొనొచ్చు కదా?" రెండోది: "ఓవర్‌క్లాకింగ్ చేశారంట. అది గేములాడేవాళ్ల సరదా, ఉద్యమానికి దాంతో పనేంటి?"

రెండిటికీ ఇవాళ జవాబు చెప్తాను. కొంచెం పొడవుంటుంది, లెక్కలు కూడా ఉంటాయి. వందా రెండొందలూ ఇచ్చినవాళ్ల డబ్బు కాబట్టి లెక్క చెప్పకుండా కుదరదు.

ముందు మిషను సంగతి. మా వాడ నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు ఇల్లు మారుతూ మా ఖమ్మం చదువు గదికి ఇచ్చాడు. అందులో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-2500కే, 2011 జనవరిలో వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్ వేగం. జెడ్68 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. గదికి తెచ్చిన రోజు అది ఆన్ అయి డెస్క్‌టాప్ కనబడటానికి మూడు నిమిషాలు పట్టింది. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదల్లేదు. ఫ్యాను చప్పుడు మాత్రం పిండిమరలా ఉంది.

దగ్గర్లో ఉన్న ఒక రిపేరు షాపు అతన్ని పిలిచాం. ఆన్ చేసి చూశాడు, రెండు నిమిషాలు నిలబడ్డాడు. "ప్రాసెసర్ వేస్ట్ అన్నా, స్క్రాపుకి వేసెయ్యండి" అన్నాడు. కేబినెట్ తెరవనే లేదు.

ఆ తెరవకపోవడం గురించి కొంచెం చెప్పాలి. నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు మా కాలేజీలో ఏసీ ఉన్న గది ఒక్కటే, కంప్యూటర్ ల్యాబ్. మా హాస్టల్‌కి రేకులు, రెండు గదులకి కలిపి ఒక ఫ్యాను. మిషన్లకి వేడి తగలకూడదు, మాకు తగిలితే ఫరవాలేదు. ల్యాబ్‌లో ఏదైనా ఆగిపోతే కేబినెట్ విప్పేటప్పుడు కొందరు కుర్రాళ్లని దగ్గరికి పిలిచి చూపించేవాళ్లు. స్కాలర్‌షిప్ పిల్లల్ని మాత్రం "దూరం జరగండి, ముట్టుకుంటే కాలిపోద్ది" అనేవాళ్లు. దసరాకి ఆ మిషన్లకి బొట్లు పెట్టేవాళ్లలో కూడా మేం లేం. మూడేళ్లు కంప్యూటర్ల మధ్య ఉండి, దాని లోపల ఏముందో చూడకుండా బయటికొచ్చిన వాళ్లం చాలామందిమి. నేను మొదటిసారి స్క్రూడ్రైవర్ పట్టింది తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో పనికి కుదిరాకే. సీటీసీ అంటే మీకు తెలుస్తుంది.

అందుకని మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ మిషనైనా తెరిచి చూడకుండా వేస్ట్ అనకూడదు. తెరిచేటప్పుడు గదిలో ఉన్న పిల్లలందరూ చుట్టూ కూర్చోవాలి, అందరి చేతులూ పడాలి. ప్లగ్ పీకేసి, ముందు కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకుంటే చాలు, ముట్టుకుంటే ఏదీ కాలిపోదు.

తెరిచాం. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పట్టింది. ఫ్యానూ హీట్‌సింకూ తీస్తే కింద థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నంలా రాలింది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కంటికి కనబడని సందులుంటాయి. వాటిలో గాలి ఉంటే వేడి దాటదు, పేస్ట్ ఆ సందుల్ని పూడుస్తుంది. అది ఎండితే వేడికి దారి లేనట్టే. సెన్సర్ చూస్తే పని ఎక్కువైనప్పుడు 97 డిగ్రీలు చూపించింది. ఈ ప్రాసెసర్‌కి హద్దు 98. ఆ హద్దుకి చేరగానే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే అది చేతకాక నెమ్మదిగా నడవట్లేదు, కాలిపోకుండా ఉండటానికి నడక తగ్గించుకుంది.

రెండో అడ్డంకి హార్డ్ డిస్క్. ఇక్కడ లెక్క సులువు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావాలంటే సగటున అందులో సగం, 4.2. సూది ఉన్న చేయి పక్కకి జరగడానికి ఇంకో 9 వేసుకోండి. అంటే ఒక్కో చిన్న ఫైలు ముక్క కోసం 13 మిల్లీసెకన్లు. సెకనుకి అలాంటివి ఎనభై కూడా చదవలేదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేవి వేలకొద్దీ చిన్న ముక్కలే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి వేలూ పదివేలూ అందిస్తుంది. మన ప్రాసెసర్ సెకనుకి 330 కోట్ల టిక్కులు కొడుతూ, ఆ సూది ఎప్పుడొస్తుందా అని ఊరికే కూర్చుంటోంది.

షాపతను "వేస్ట్" అన్నది దాన్నే.

మీలో చాలామందికి ఇక్కడ ఏం గుర్తొస్తోందో నాకు తెలుసు. నాకూ అదే గుర్తొచ్చింది. పుస్తకం అందలేదు, ఫ్యాను లేదు, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేరు, అయినా మార్కుల కాగితం చూసి "వీడికి మెరిట్ లేదు" అంటారు. మిషనూ మనిషీ ఒకటి కాదు. ఈ పోలికని నేను ఎక్కువ దూరం లాగను. కానీ కొలిచే పద్ధతి మాత్రం ఒకటే. ఎవరు నెమ్మది అని తేల్చే ముందు, వాళ్లకి ఏది ఎంత ఆలస్యంగా అందుతోందో చూడాలి.

ఇంకో సంగతి. ఈ ప్రాసెసర్ పేరు చివర "కే" అనే అక్షరం ఉంది చూశారా? ఐ5-2500 అనీ ఉంది, ఐ5-2500కే అనీ ఉంది. డిజైను ఒకటే, నాలుగు కోర్లు ఒకటే, 3.3 వేగమూ ఒకటే. గ్రాఫిక్స్ లాంటి కొన్ని తేడాలున్నా అసలు తేడా తాళంలో ఉంది. చివర "కే" ఉన్నదాని గుణకాన్ని మనం ఇష్టం వచ్చినట్టు పెంచుకోవచ్చు, లేనిదానికి కొద్ది మెట్ల దగ్గరే తాళం పడుతుంది. ఫ్యాక్టరీలో చిప్పుల్ని పరీక్షించి, వేగాన్ని తట్టుకునేవీ తట్టుకోనివీ వేరుచేస్తారు, అది నిజమే. కానీ తాళం వేరు. అది కంపెనీ నిర్ణయం. 2010లో ఇదే ఇంటెల్ పెంటియం జీ6951 అనే ప్రాసెసర్ అమ్మి, మళ్లీ 50 డాలర్లు పెట్టి కార్డు కొంటే, లోపల అప్పటికే ఉన్న క్యాష్‌నీ హైపర్ థ్రెడింగ్‌నీ తెరిచేలా పెట్టింది. జనం తిట్టిపోశారు, మరుసటి ఏడాది ఆ పథకం ఆగిపోయింది. లోపల ఉన్న శక్తి ఒకటి, వాడుకోనిచ్చే అనుమతి ఇంకొకటి. పేరు చివర తోక చూసి తలుపు తీసే దేశంలో పుట్టినవాళ్లం, మనకి ఇది అర్థం కావడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

ఇక ఖర్చు. ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం.

మొదటి డబ్బు ఎస్‌ఎస్‌డీకి పెట్టాం. 480 జీబీ, 3,100 రూపాయలు. ఎన్‌వీఎంఈ ఎందుకు కొనలేదని ఒక చెల్లి అడిగింది. అది ఇంకా వేగమే, కానీ ఈ బోర్డుకి ఆ స్లాట్ లేదు. అడాప్టర్ పెట్టినా ఈ కాలం నాటి బయోస్‌లు మామూలుగా దాన్నుంచి బూట్ కావు. పాత మిషన్‌కి సాటా చాలు. కొనేటప్పుడు పెట్టె మీది వేగం అంకెలు చూసి మోసపోవద్దు. ఫ్లాష్ టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా, ఎన్ని టెరాబైట్లు రాసేదాకా గ్యారంటీ అన్నవి చూడండి. 300 టెరాబైట్ల గ్యారంటీ ఉంటే రోజుకి 40 జీబీ రాసినా ఇరవై ఏళ్లు వస్తుంది. పేరూ ఊరూ లేని చవక ఎస్‌ఎస్‌డీల జోలికి పోకండి.

రెండోది ర్యామ్. వాడిన డీడీఆర్3, 4 జీబీవి రెండు, మొత్తం వెయ్యి. పాత 4తో కలిపి 12 అయింది. వాడిన ర్యామ్ కొంటే ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపాల్సిందే. ఒక్క తప్పు కనబడినా తిరిగిచ్చేయండి.

ఈ రెంటితోనే, 4,100 రూపాయలతోనే, మూడు నిమిషాలు పట్టేది ఇరవై సెకన్లకి వచ్చింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు. మేం లినక్స్ మింట్ వేశాం. కొత్తది ఎందుకు కొనలేదు అన్నదానికి సగం జవాబు ఇదే. కంపెనీ గడువు చెప్పింది కదా అని నడిచే మిషన్‌ని పారెయ్యడానికి మన దగ్గర డబ్బు లేదు.

మరి ఓవర్‌క్లాకింగ్ దేనికి?

మా గదిలో జరిగే పని చెప్తాను. సంఘం పెద్దాయన ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో కారంచేడు (1985), చుండూరు (1991) రోజుల కరపత్రాలు, పోస్టర్లు, నిజనిర్ధారణ కమిటీల కాగితాలు, "నలుపు" పత్రిక పాత సంచికలు, మనవాళ్లు చేత్తో రాసుకున్న వాంగ్మూలాలు ఉన్నాయి. అడుగున చెదలు మొదలైంది. వాటిని స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు అక్షరాలు గుర్తింపజేసి, వెతుక్కునేలా చేస్తున్నాం. ఏ4 కాగితం రంగుల్లో 300 డీపీఐ దగ్గర, కుదించకుండా 26 ఎంబీ. నాలుగు వేల పేజీలంటే 104 జీబీ. అక్షరాలు గుర్తించే పని పూర్తిగా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా ఉన్నా అక్కడ సాయం చేయదు. వీడియో ఎగుమతి కూడా అంతే. ఓవర్‌క్లాకింగ్ పనికొచ్చేది అలాంటి చోటే.

మా ప్రాసెసర్ నాలుగు కోర్లతో పనిచేసేటప్పుడు 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. దాన్ని 4.2కి తెచ్చాం. లెక్క ప్రకారం గంట పని 49 నిమిషాలకి దిగుతుంది. 4.5కి వెళ్లొచ్చు కదా అంటారు. వేడి లెక్క చూడండి. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతో కూడా పెరుగుతుంది. 3.3 నుంచి 4.5కి తీసుకెళ్లి, అది నిలబడటానికి వోల్టేజ్ 1.2 నుంచి 1.35 చేశామనుకోండి. వేగం పెరిగింది 36 శాతం, వేడి పెరిగింది 70 శాతం పైన. 95 వాట్లది 160 దాటుతుంది. వోల్టేజ్ పెంచి తెచ్చుకునే వేగానికి చెల్లించే ధర అది. అందుకే వోల్టేజ్ పెంచకుండా ఎంతవరకు నిలబడుతుందో అక్కడే ఆగాం. మా చిప్పు 4.2 దగ్గర నిలబడింది. మీ దగ్గరున్నది 4 దగ్గరే ఆగొచ్చు. ఒక్కో మెట్టు ఎక్కి, ప్రతి మెట్టు మీదా గంటసేపు పూర్తి భారం పెట్టి చూడాలి. గుణకం ఒక్కటే మార్చండి. బేస్ క్లాక్ 100 దగ్గరే ఉండనివ్వండి. ఈ తరం ఇంటెల్‌లో సాటా, పీసీఐ, యూఎస్‌బీ అన్నీ దానికే కట్టేసి ఉంటాయి, అది పెరిగితే డిస్క్ మీద రాసేది చెడిపోవచ్చు.

చల్లబరచడానికి 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ తీసుకున్నాం, 2,400. నీళ్లతో పనిచేసే లిక్విడ్ కూలర్ అద్దాల కేబినెట్‌లో అందంగా ఉంటుంది. కానీ అందులో పంపు ఆగితే ప్రాసెసర్ వేడి ఎక్కడికీ పోదు, మన ఊళ్లో ఆ పంపు మార్చేవాళ్లు లేరు. టవర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది. పేస్ట్ రెండు బియ్యపు గింజలంత చాలు, వెన్నపూసలా దట్టంగా పుయ్యకండి. ముందు ఒక ఫ్యాను గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి.

ఇక్కడొక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఏ గాలి కూలరైనా గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు. ఇంటర్నెట్‌లో ఓవర్‌క్లాకింగ్ చూపించేవాళ్ల గది 22 డిగ్రీలు. మాది ఖమ్మం, పైన రేకులు. డిసెంబర్‌లో గది 27 ఉంటే 4.2 దగ్గర ప్రాసెసర్ 71 చూపించింది, అంటే గది కంటే 44 ఎక్కువ. మే నెలలో గది 43 అయితే అదే ప్రాసెసర్ 87కి పోతుంది. సెట్టింగ్ మారలేదు, చిప్పు మారలేదు, పైకప్పు మారింది. అందుకే బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచాం. ఒకటి "చలికాలం", 4.2. రెండోది "ఎండాకాలం", కంపెనీ ఇచ్చిన వేగమే. మార్చి రాగానే మారుస్తాం. ఇంకోటి, మనం ఇంట్లో వాడే నీళ్ల కూలర్ని సీపీయూకి ఎదురుగా పెట్టకండి. ఆ తడిగాలి, దుమ్ము కలిసి బోర్డు మీద బురద అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నిలకడ లేని ఓవర్‌క్లాక్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. ఎప్పుడూ మిషన్ని ఆపేసి చెప్పదు. కొన్నిసార్లు చప్పుడు లేకుండా ఒక అంకె తప్పు రాసేస్తుంది. గేములో ఐతే ఒక చుక్క రంగు మారుతుంది. వాంగ్మూలంలో ఐతే ఒక పేరు పోతుంది. కాబట్టి స్కాన్ చేసేటప్పుడూ కాపీ చేసేటప్పుడూ ఏ కాలమైనా మామూలు వేగమే. ప్రతి స్కాన్ ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ తీసి పెడతాం, కాపీ అయ్యాక పోల్చి చూస్తాం. వేగం పెంచేది అక్షరాలు గుర్తించే రాత్రుల్లోనే. అది తప్పు చేస్తే మళ్లీ చేయించుకోవచ్చు, అసలు స్కాన్ భద్రంగా ఉంటుంది.

ఎందుకింత జాగ్రత్త? చుండూరులో ఎనిమిది మందిని చంపింది 1991 ఆగస్టులో. ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2007లో, పదహారేళ్లకి. హైకోర్టు అందర్నీ వదిలేసింది 2014లో. న్యాయం కోసం మనం దాచుకునే కాగితం ఇరవై, ముప్పై ఏళ్లు బతకాలి. బాబాసాహెబ్ 1956లో పోయారు. అచ్చుకాని ఆయన రాతలు ఏళ్లకేళ్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి, మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం వేసింది 1979లో. అంతటి మనిషి రాతలకే అంత ఎదురుచూపు తప్పలేదు. మా పెద్దాయన ట్రంకు పెట్టె కోసం ఏ ప్రభుత్వం వస్తుంది?

అందుకే ఆఖరి పెద్ద ఖర్చు 1 టీబీ బయటి హార్డ్ డిస్క్, 4,300. ఎస్‌ఎస్‌డీ వేగానికి మంచిది, బీరువాలో పెట్టి మర్చిపోవడానికి కాదు. వాడి వాడి గ్యారంటీ అంచుకి వచ్చిన ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలన్నది జెడెక్ ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మన ఎండాకాలం బీరువా 30 డిగ్రీలు కాదు. నెమ్మదిదని తిట్టుకున్న హార్డ్ డిస్కే అక్కడ నయం. కాబట్టి మూడు కాపీలు: పనిచేసేది ఎస్‌ఎస్‌డీలో, రెండోది అదే మిషన్‌లోని పాత 500 జీబీ డిస్క్‌లో (పరీక్షించి చూశాం, బాగానే ఉంది), మూడోది బయటి డిస్క్‌లో, హైదరాబాద్‌లో మన అడ్వకేట్ అక్క దగ్గర. మూడు నెలలకోసారి అది ఖమ్మం వస్తుంది, చెక్‌సమ్‌లు పోల్చుకుని వెళ్తుంది. సాక్షుల పేర్లున్న ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ చేసే ఉంటాయి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలుసు, ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరికి ఏదైనా జరిగితే అంతా పోతుంది. ఎవరి ఉచిత అకౌంట్‌లోనూ వాటిని పెట్టం.

మొత్తం లెక్క: ఎస్‌ఎస్‌డీ 3,100, ర్యామ్ 1,000, కూలర్ 2,400, పేస్ట్ 250, కేబినెట్ ఫ్యాన్లు రెండు 700, బయటి డిస్క్ 4,300. మొత్తం 11,750. మిగిలిన 250తో స్పైక్ గార్డు కొన్నాం. బిల్లులు గది గోడకి అంటించి ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

మీ హాస్టల్‌లో, మీ సంఘం ఆఫీసులో ఇలాంటి సీపీయూ ఏదో మూల గుడ్డ కప్పి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ప్లగ్ పీకి తెరవండి. ముందు దుమ్ము దులపండి, పేస్ట్ మార్చండి, ఉష్ణోగ్రత కొలవండి. తర్వాత డిస్క్, ఆ తర్వాత ర్యామ్. ఓవర్‌క్లాకింగ్ అన్నిటికంటే ఆఖర, అదీ దానితో చేయించుకోవాల్సిన పని ఉంటేనే. మీ కంటే చిన్న తరగతుల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. కనీసం ఒక్క స్క్రూ అయినా వాళ్ల చేత విప్పించండి.

వచ్చే భాగంలో చేత్తో రాసిన తెలుగు ఎలా స్కాన్ చెయ్యాలో, టెసరాక్ట్ ఎక్కడ తడబడుతుందో రాస్తాను.

జై భీమ్.